మరపును గెలిచిన మణి

మంచి పుస్తకమొకటి చదివినపుడు దానిని గూర్చి పదిమందికి చెప్పినగాని నిద్రపట్టని జాడ్యము కొందరికుండును. ఆ జాడ్యము మాకును కలదు. గత సంవత్సరకాలముగా కోటబొమ్మాళిలో మా యింటికి వచ్చినవారిలో ఈ పుస్తకమును గూర్చి మా నోట వినక తిరిగిపోయినవారు లేరు. పెరుగు తోడునకు వచ్చిన పొరుగింటి యిల్లాలు మొదలుకొని, జాతరకు వచ్చిన బంధువులవరకు అందరును విన్నవారే. ఇక మిగిలినవారు ఈ పత్రిక చదువరులు మాత్రమే గనుక ఇపుడు మీ వంతు వచ్చినది.

పుస్తకము పేరు కళాపూర్ణోదయము. వ్రాసినవాడు పింగళి సూరన. పదునారవ శతాబ్దమునందలి కవి. ‘‘అమ్మో, ప్రబంధము!’’ అని పుట త్రిప్పివేయకుడు. మేమును అట్లే అనుకొని బడిచదువు ముగిసిన నాటినుండి ఏండ్ల తరబడి దానిని ముట్టినవారము కాము. ప్రబంధమనగా పురవర్ణనము, ఋతువర్ణనము, నాయిక విరహము, చెలికత్తెల శిశిరోపచారములు అని మా అభిప్రాయము. కాని ఇది కథ. అందులోను, తరువాత ఏమయ్యెనో తెలిసికొననిదే పొయ్యిమీది పప్పు మాడిపోవుచున్నను లేవనీయని కథ.

ఈ కథ పురాణమునుండి గ్రహింపబడినది కాదు, కవి స్వకపోలకల్పితము. ఎనిమిది యాశ్వాసముల కావ్యమంతయు ఆయన ఊహలోనుండి పుట్టినదే. మన పెద్దలు దీనిని పద్యములలో వ్రాసిన నవల యని మెచ్చుకొనుటకు కారణ మిదియే. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914వ సంవత్సరమున ప్రకటించిన కవిత్వతత్త్వవిచారమున సూరన కల్పనాశక్తిని విమర్శించి చూపిన పిమ్మట, ఈ కావ్యముపై పండితుల దృష్టి క్రొత్తగా ప్రసరించినది. శ్రీకాకుళము జిల్లాలో జన్మించిన వెల్చేరు నారాయణరావుగారును, డేవిడ్ షుల్మన్ గారును కలిసి దీనిని ఇంగ్లీషులోనికి అనువదింపగా, 2002వ సంవత్సరమున అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. మన జిల్లాబిడ్డ చేతిమీదుగా సముద్రములు దాటిన పుస్తకమును మన యింటి అలమారలో దుమ్ము పట్టనిచ్చుట మనకు మర్యాద కాదు గదా!

కథ యెట్టిది?

ద్వారకానగరపు ఉద్యానమున కలభాషిణి యను వేశ్యకన్య చెలులతో ఉయ్యాల లూగుచుండును. ఆకాశమార్గమున నారదమహర్షియు, ఆయన శిష్యుడు మణికంధరుడను గంధర్వుడును పోవుచుందురు. వేరొక విమానమున రంభయు నలకూబరుడును కనబడుదురు. ఈ నాలుగైదుగురి చూపులు, మాటలు, చిన్న చిన్న గర్వములు, కోరికలు ఒకదానితో నొకటి చిక్కుపడి, కథ ఊలుదారపు ఉండవలె దొర్లిపోవును. నారదుడంతటివాడు తుంబురునిమీది స్పర్ధచే శ్రీకృష్ణుని అంతఃపురమున సంగీతము నేర్చుకొనుటకు వచ్చును. సింహముపై నెక్కి తిరుగు మణిస్తంభుడను సిద్ధుడొకడు కలభాషిణిని మృగేంద్రవాహన గుడికి కొనిపోవును. ఒక రంభ యుండవలసిన చోట ఇద్దరు రంభలు, ఒక నలకూబరుడుండవలసిన చోట ఇద్దరు నలకూబరులు నిలిచి, ‘నేను నిజము, నీవు మాయ’ యని వాదులాడుకొందురు. ఆ ఘట్టము చదువునపుడు మా వీధి యాడవారు నవ్విన నవ్వునకు మావారు పైగదిలోనుండి దిగివచ్చి, ఏమి జరిగినదని యడిగిరి.

ఈ చిక్కులన్నిటి నడుమ ఒక రహస్య మున్నది. కళాపూర్ణుడను రాజు కథ యొకటి కలదట. దానిని భూలోకమున చెప్పరాదట. రంభ దానిని ప్రస్తావించి, చెప్పుమన్నపుడు మాత్రము వెనుదీయును. ఆ కథ యేమని చదువరికి కలిగిన కుతూహలమును కవి ఆశ్వాసములకు ఆశ్వాసములు అట్లే నిలిపి యుంచును. తుదకు తెలియునదేమన, సరస్వతీదేవి ముచ్చట తీర్చుటకై బ్రహ్మదేవుడు కల్పించి చెప్పిన కథ యది. బ్రహ్మ నోటినుండి వెడలిన మాట వ్యర్థము కాదు గనుక, ఆ కథలోని వారందరును భూమిపై నిజముగా పుట్టవలసి వచ్చెను. మనుష్యులు ముందు పుట్టి వారి కథ తరువాత పుట్టుట లోకరీతి. ఇచ్చట కథ ముందు పుట్టి మనుష్యులు తరువాత పుట్టిరి. నాలుగువందల యేండ్లకు పూర్వము ఇట్టి యూహ తెలుగువానికి తట్టినదని తలచుకొన్నపుడెల్ల మాకు ఒడలు పులకరించును.

ఈ రహస్యము వెల్లడియగు తీరు మరింత వింత. కళాపూర్ణమహారాజు కొలువునకు మదాశయుడను రాజు భార్యతోను, చంటిబిడ్డతోను వచ్చును. ఆ బిడ్డ పేరు మధురలాలస. అలఘువ్రతుడను బ్రాహ్మణుడు తెచ్చిన రత్నహారము నొకదానిని రాజు ఆ పసిదానికి ఇప్పించును. హారములోని నాయకమణి బిడ్డ రొమ్మునకు తగులగానే ఆ బిడ్డ మాటలాడ మొదలిడును. మాటలన్న ‘అత్త, తాత’ యని కాదు, తన పూర్వజన్మవృత్తాంతము. తాను ద్వారకలోని కలభాషిణి ననియు, ఈ సింహాసనముపై నున్న రాజు ఆనాటి మణికంధరుడనియు, బ్రహ్మ కథ యిట్టిదనియు సభవారందరు నోళ్లు తెరచికొని వినుచుండగా చెప్పుకొని పోవును. చదువరి అంతవరకు చూచిన చిక్కుముడులన్నియు ఆ పసిదాని మాటలతో విడివడును.

చావు లేకుండుటా, మరపు లేకుండుటా?

మేము ఈ పుస్తకమును ఇంతగా మెచ్చుకొనుట కథలోని వింతలవలన మాత్రమే కాదు. ఇది మా మనసున ఒక ప్రశ్నను నాటినది. ఈ కథలో చావు లేని వారున్నారు, చచ్చి పుట్టినవారున్నారు. రంభకు ముసలితనము లేదు, నారదునకు మరణము లేదు. అయినను కథ వారిది కాదు. కథ అంతయు చచ్చి పుట్టియు తన్ను తాను మరువని ఆ చంటిబిడ్డది. చిరంజీవులు విమానములపై ఊరక తిరుగుచుండగా, మరణించిన కలభాషిణి జ్ఞాపకమను మణివలన చావును గెలిచినది. అట్లయిన మనిషికి కావలసినది చావు లేకుండుటయా, మరపు లేకుండుటయా?

ఈ ప్రశ్న మన పెద్దలకు తెలియనిది కాదు. భారతమున అశ్వత్థామకు శ్రీకృష్ణుడిచ్చినది వరము కాదు. మూడువేల యేండ్లు ఒంటరిగా తిరుగుమను శాపము. చేసిన పాపము మరపునకు రాక, ప్రాణము పోక యుండుట నరకముకంటె ఘోరమని ఆ కథ చెప్పకయే చెప్పుచున్నది. అరణ్యపర్వమున ఇంద్రద్యుమ్నుడను రాజర్షి కథ యింకొకటి కలదు. ఆయన స్వర్గమున నుండి క్రిందికి త్రోయబడును. కారణ మేమి? భూమిపై ఆయన కీర్తిని తలచువారు లేకపోయిరి. ఆయన మార్కండేయమహర్షికడకు వచ్చి, నన్నెరుగుదువా యని యడుగును. యుగములు చూచిన మార్కండేయుడు ఎరుగనని, తనకంటె పెద్దదియగు గుడ్లగూబ హిమవంతమున నున్నదనును. గుడ్లగూబ ఎరుగదు, తనకంటె పెద్దదియగు కొంగ యున్నదనును. కొంగయు ఎరుగదు, కొలనులోని తాబేలు తనకంటె పెద్దదనును. తాబేలు వచ్చి రాజును చూచి, కొంతసేపు ఆలోచించి, కన్నుల నీరు నించి, ‘ఈయననా నేనెరుగనిది! ఈ కొలను ఈయన దానమిచ్చిన గోవుల డెక్కల త్రొక్కుడువలన ఏర్పడినదే’ యనును. ఆ మాటతో స్వర్గమునుండి విమానము దిగివచ్చును.

మన జిల్లాలో పుట్టినవారికి ఈ కథ చదువగానే శ్రీకూర్మము తలపునకు రాకపోదు. కూర్మనాథుని ఆలయమున రెండు ధ్వజస్తంభముల నడుమ నడచి, ఆవరణలో పెంచుచున్న నక్షత్రపు తాబేళ్లకు పిల్లలచేత ఆకుకూర పెట్టించినవారము మనమందరము. ఆ తాబేలు వేరు, ఈ తాబేళ్లు వేరు. అయినను డొప్పక్రింద తల దాచుకొని మెల్లగా ఆకు నములు ఆ జీవిని చూచినపుడు, మనల నెవరు గుర్తుంచుకొందురోయని ఒక్కక్షణము అనిపించును. స్వర్గము నిలుచుట ఒక తాబేలు జ్ఞాపకముపై ఆధారపడినది గదా!

జ్ఞాపకము లేని చిరాయువెట్టిదో చెప్పినవాడు ఇంగ్లీషు రచయిత జోనాథన్ స్విఫ్ట్. ఆయన 1726వ సంవత్సరమున ప్రకటించిన గలివర్ యాత్రల పుస్తకము పిల్లలదని మనమనుకొందుము. మరుగుజ్జుల కథవరకే మనకు తెలియును. మూడవ భాగమున లగ్‌నాగ్ అను ద్వీపము వచ్చును. అక్కడ ఎప్పుడో యొకసారి ఎడమ కనుబొమ్మపై ఎఱ్ఱని మచ్చతో బిడ్డ పుట్టును. ఆ బిడ్డకు చావులేదు. గలివరు అది విని ఎంతయో సంతోషించును. ఎన్ని విద్యలు నేర్వవచ్చునో, ఎంత జ్ఞానము కూడబెట్టవచ్చునో యని కలలు కనును. ఆ పిమ్మట వారిని చూచును. చావు లేదుగాని వారికి ముసలితనము కలదు. తొంబది యేండ్లకు పండ్లు, జుట్టు ఊడిపోవును. వాడుక వస్తువుల పేళ్లు, ఆప్తుల పేళ్లు సయితము మరచిపోవుదురు. వాక్యము మొదటనుండి తుదివరకు మనసున నిలువదు గనుక పుస్తకము చదువలేరు. ఎనుబదియేండ్లు నిండగానే చట్టము వారిని చచ్చినవారితో సమానముగా చూచి, ఆస్తిని వారసులకు పంచును. ఈ ఘట్టము వ్రాసిన స్విఫ్టునకే తుదిదినములలో మతి తప్పి, 1742 మొదలు ఆయన వ్యవహారములను ఇతరులు చూడవలసి వచ్చెను. 1745వ సంవత్సరమున ఆయన మరణించెను.

ఈ పుటలు మేము వినోదముగా చదువలేకపోతిమి. ఏలయనగా అప్పటికే మా యింట ఒక మచ్చ మొలచి యున్నది.

మా అత్తగారు

మా అత్తగారికి ఎనుబదిరెండేండ్లు. మేము ఈ యింట అడుగిడిన నాటినుండి ప్రతియేట పోలాల అమావాస్యనాడు కందమొక్కకు పూజచేసి, బూరెలు గారెలు నివేదించి, వ్రతకథ చెప్పువారు ఆమెయే. పుస్తకము చూచి చదువుట ఆమె ఎరుగరు. వీధిలోని తల్లులందరు అక్షతలు పట్టుకొని కూర్చుండగా ఆమె కండ్లు మూసికొని చెప్పెడివారు. ఆ కథ మీ అందరికి తెలిసినదే. ఏటేట పండుగనాడే బిడ్డను పోగొట్టుకొనిన ఆ తల్లి అమ్మవారి గుడికడ ఏడ్చుచు నిలుచును. అమ్మవారు జాలిపడి అక్షతలిచ్చి, పాతిపెట్టిన తావుల చల్లి, బిడ్డలను పేరుపేరున పిలువుమనును. పిలువగా బిడ్డలందరు లేచి వత్తురు. మా అత్తగారు ఆ తావునకు వచ్చినపుడు ఊరక ‘పిలిచినది’ అని ఊరుకొనక, ఏడుగురి పేళ్లును వరుసగా గొంతెత్తి పిలిచెడివారు. కథలోని పేళ్లు గాబోలునని మేము అనుకొనుచుంటిమి.

మూడేండ్ల క్రిందట పోలాల అమావాస్యనాడు ఆమె ఆ తావునకు వచ్చి ఆగిపోయిరి. అమ్మవారు అక్షతలిచ్చినది. తల్లి చల్లినది. ఆమె నోరు తెరచి, మరల మూసికొనిరి. చేతిలోని అక్షతలు ఒక్కొక్కటిగా జారుచుండెను. వెనుక నెవరో చిన్నవారు కిసుక్కున నవ్విరి. మేము, ఏమి చెప్పుదుము, పుస్తకము తెచ్చి మిగిలిన కథ గబగబ చదివి ముగించితిమి. వచ్చినవారికి ఆలస్యమగుచున్నదను తొందరయే గాని ఆమె ముఖమువంక చూడవలెనను బుద్ధి మాకు పుట్టలేదు. ఆ రాత్రి ఆమె భోజనము చేయలేదు. మరుసటి యేడు కథ చెప్పుమని మేమడుగలేదు, ఆమెయు కూర్చుండలేదు.

పిమ్మట ఒకటొకటిగా మరపులు వచ్చినవి. పొయ్యిమీద పాలు మరచిరి. తాళముచెవులు బియ్యపు డబ్బాలో దాచి, పనిమనిషి తీసినదనిరి. చనిపోయి పదునొకండేండ్లైన మామగారు రైలు దిగి యింకను రాలేదేమని స్టేషను వైపు చూచెడివారు. మేము మొదట మొదట విసుగుకొంటిమి. ‘‘ఎన్నిమార్లు చెప్పవలెను?’’ అని కేకలు వేసితిమి. ఒకనాడు ఆమె మావంక పరాయివారిని చూచినట్లు చూచి, ‘‘ఎవులమ్మా నువ్వు? ఎవులింటి కోడలివి?’’ అని మర్యాదగా అడిగిరి. ఆ మర్యాద మమ్ము కోసినట్లు ఆమె ఏనాటి సాధింపులును కోయలేదు.

మావారు ఆమెను శ్రీకాకుళము తీసికొనిపోయి వైద్యులకు చూపిరి. వారు రక్తపరీక్షలు చేయించిరి. థైరాయిడ్ గ్రంథి మందగించుట, బి12 విటమిన్ కొరత, మనోవ్యాకులత మొదలైన వాటివలనను మరపు కలుగవచ్చుననియు, అవి చికిత్సకు లొంగునవి గనుక ముందుగా వెదకవలెననియు చెప్పిరి. మా అత్తగారిది అట్టిది కాకపోయెను. 1906వ సంవత్సరమున ఆలోయిస్ ఆల్జైమర్ అను జర్మను వైద్యుడు మొదట వివరించిన వ్యాధి యిది. మెదడులోని కణములు మెల్లమెల్లగా నశించును. క్రొత్త జ్ఞాపకములు ముందు పోవును; పాతవి చాలకాలము నిలుచును. ఉదయము తిన్నదేమో తెలియదుగాని పదేండ్లనాటి పెండ్లిపాట తెలియును. ఇట్టి మతిమరపు వ్యాధులతో ప్రపంచమున ఐదుకోట్లకు పైగా జనులు బాధపడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇది ముసలితనపు మొండితనము కాదు, పూర్వజన్మపాపము కాదు, కోడలిపై కక్షయు కాదు.

ఉయ్యాలబల్లమీది పఠనము

వైద్యులు చెప్పిన మాటలలో నొకటి, ఆమెను ఒంటరిగా గోడకెదురుగా కూర్చుండబెట్టవలదని. అందుచేత మధ్యాహ్నపువేళ మేము పుస్తకమును తెచ్చుకొని వసారాలోని ఉయ్యాలబల్లపై ఆమె ప్రక్కనే కూర్చుండి బిగ్గరగా చదువ నారంభించితిమి. ఇరుగుపొరుగువారు చేరిరి. అట్లు మొదలైనదే మా కళాపూర్ణోదయపఠనము. పద్యమొకమారు చదివి, తాత్పర్యము మా మాటలలో చెప్పుట మా పద్ధతి. మా అత్తగారు వినుచున్నారో లేదో తెలిసెడిది కాదు. చీర చెఱగు మడచుచు, విప్పుచు, ఉయ్యాల ఊగుటకు కాలితో నేలను తాకుచుందురు, అంతే.

మణి తగులగానే చంటిబిడ్డ మాటలాడిన ఘట్టము వచ్చిన నాడు వాన పడుచుండెను. మేము, రాజు హారమిప్పించినాడు, తల్లి బిడ్డ మెడలో వేసినది, బిడ్డ మాటలాడినదని చెప్పితిమి. మా అత్తగారు ఉయ్యాల నాపిరి.

‘‘ఏటమ్మా, ఆ గుంట పేరేటి?’’ అనిరి.

‘‘మధురలాలస, అత్తయ్యా,’’ అంటిమి.

ఆమె తల అడ్డముగా త్రిప్పి, ‘‘కాదు’’ అని ఒక పేరు చెప్పిరి. పిమ్మట ఇంకొక పేరు. పిమ్మట మరియొకటి. మాకు గుండె ఝల్లుమన్నది. ఆనాడు అక్షతలు చేతబట్టుకొని ఆగిపోయిన వరుస యది. మేము మాటలాడక, చేతికందిన పెన్సిలుతో పుస్తకము చివరి ఖాళీపుటమీద వ్రాసికొంటిమి. ఏడు పేళ్లు. ఏడవ పేరు చెప్పి ఆమె మరల ఉయ్యాల ఊగసాగిరి.

సాయంకాలము ఆమె ఆడుబడుచుగారికి ఆ పేళ్లు చదివి వినిపించితిమి. ఆమె చాలసేపు పలుకలేదు. నాలుగు పేళ్లు మనకు తెలిసినవే. మావారివి, వారి తోబుట్టువులవి, ఇంటిలో చిన్నప్పుడు పిలిచిన ముద్దుపేళ్లు. మిగిలిన మూడును పుట్టి పోయిన బిడ్డలవి. మావారు పుట్టుటకు పూర్వము ఇద్దరు, పిమ్మట ఒకరు. ఏ ఛాయాపటమునందును, ఏ కాగితముమీదను లేని పేళ్లు. అరువదేండ్లుగా ఆ తల్లి ఏటికొకమారు అమ్మవారియెదుట, వీధివారందరి నడుమ, కథ యను నెపమున ఆ బిడ్డలను పేరెత్తి పిలుచుకొనుచున్నదని మాలో ఒక్కరికిని తెలియదు. ఆ పేళ్లను మేమిచ్చట అచ్చువేయము. అవి ఆమె సొత్తు.

మరునాడు అడుగగా ఆమెకు ఒక్క పేరును గుర్తులేదు. మణి రొమ్మునుండి తొలగినది. మా పుస్తకము దివ్యౌషధమని మేమనుట లేదు. ఆనాటినుండి వ్యాధి తగ్గినదియు కాదు. కాని ఆ యేడు పోలాల అమావాస్యనాడు ఆమెను మా ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆమె చేత అక్షతలుంచి, కథ మేము చెప్పితిమి. ఆమె మాటలతోనే చెప్పితిమి, పుస్తకపు మాటలతో కాదు. పిలువవలసిన తావున ఏడు పేళ్లును పిలిచితిమి. ఆమె అక్షతలు చల్లిరి. గుర్తించి చల్లిరో, చేతి అలవాటుచే చల్లిరో మేము చెప్పలేము. మాకు మాత్రము కొలనులోని తాబేలు జ్ఞాపకము వచ్చినది.

చదువదలచిన వారికి

కళాపూర్ణోదయము చదువ నుద్యుక్తులగు సోదరీమణులకు మా అనుభవమున తోచిన నాలుగు మాటలు. మొదటి యాశ్వాసముననే చిక్కి భయపడవలదు. పేళ్లు చాల యుండును గనుక ఒక కాగితముపై ఎవరెవరో వ్రాసి పుస్తకమున నుంచుకొనుడు. మరుజన్మమున వారెవరైరో చదివినకొలది దాని ప్రక్కన చేర్చుడు. తాత్పర్యమున్న ప్రతి మేలు. శృంగారము ఎక్కువైన పద్యములు కలవు. చిన్నపిల్లల నడుమ చదువునపుడు వానిని దాటవలసి యుండును. కొన్ని వర్ణనములు దీర్ఘములు. మేమును కొన్నిట ఆవులించితిమి. రెండవమారు చదువునపుడు, మొదట అనవసరముగా తోచిన చిన్నమాటయే ముందు రాబోవు పెద్దముడికి కొసయని తెలిసి ఆశ్చర్యపడుదురు. మేము రెండుమారులు చదివితిమి. మూడవమారునకు మా అమ్మాయి సిద్ధముగా నున్నది.

ఇంట మరపుగల పెద్దలున్నవారికి ఇంకొక మాట. వారి తప్పును సవరింపబోకుడు. చనిపోయినవారిని గూర్చి అడిగినపుడు ప్రతిమారును చావును క్రొత్తగా చెప్పి ఏడిపింపవలదు. ‘ఆయన మీకేమి ఇష్టముగా తెచ్చెడివారు?’ అని అడుగుడు, వారే మాటలాడుదురు. పేరు గుర్తు లేదని పరీక్ష పెట్టకుడు. ‘నేను మీ పెద్దకోడలిని’ అని ముందు మీరే చెప్పుడు. పాటలు మాటలకంటె ఎక్కువకాలము నిలుచును గనుక వారికి వచ్చిన పాటలు వారితో కలిసి పాడుడు. మొదట వైద్యునకు చూపుట మరువకుడు.

ఇంకను మతి చెడని పెద్దలున్న ఇండ్లవారు నేడే మేలుకొనుడు. మీ అత్తగారు చెప్పు వ్రతకథను, మీ అమ్మగారు పాడు జోలపాటను, కొత్తమ్మతల్లి జాతరకు మీ మామ్మగారు బండి కట్టుకొని వచ్చిన ముచ్చటను, ఉన్నదున్నట్లు వారి మాటలతోనే వ్రాసికొనుడు. చేతిలోని ఫోనున నాదముగా నిలుపుకొనుటయు నేడు సులభము. పేరు తెలియని పేరేదైన వినబడినచో అది ఎవరిదని అడుగుడు. మేము ముప్పదియేండ్లు ఒకే కథ వినియు ఆ ప్రశ్న అడుగలేదు.

మాకు చిరాయువు కావలెనను కోరిక లేదు. లగ్‌నాగ్ ద్వీపపు మచ్చ మాకు వలదు. మా పేరు పిలుచు నోరొకటి కొంతకాలము ఈ వసారాలో నుండిన చాలును. మా పుస్తకపు చివరిపుటపై పెన్సిలు వ్రాత మాయుచున్నందున మొన్న మా అమ్మాయి దానిపై సిరాతో దిద్దినది. ఎనిమిదవ వరుసన తన నాయనమ్మ పేరును చేర్చినది.